గొలుసుకట్టు లెక్కల పుస్తకం: 47వ పేజీ దాకా

ఇంట్లో పెద్దవాళ్లు జమాఖర్చులు రాసుకున్న పాత లెక్కల పుస్తకం ఉండి, తెరిచి చూస్తే ఒక్క ముక్క అర్థం కాక మళ్లీ పెట్టెలో పడేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పుస్తకం ఎలా బయటపడింది, చూసి ఎంత సంబరపడ్డాం లాంటివి వదిలేస్తున్నాను. వాటిలో ఎవరికీ పనికొచ్చేది లేదు. నాది అమలాపురంలో చిన్న డీటీపీ సెంటర్. 24 ఏళ్లుగా తెలుగు టైపు చేసి బతుకుతున్న మనిషికి తెలుగు చదవడం రాలేదన్న ఉక్రోషం తప్ప ఈ పనికి నాకు వేరే అర్హత లేదు.

పుస్తకం ముత్తాతగారిది. ఎర్రగుడ్డ అట్ట, 33 సెంటీమీటర్ల పొడుగు, 96 ఆకులు, అంటే 192 పేజీలు. 1986 ఆగస్టు వరదలో పెట్టె అడుగుకు నీళ్లొచ్చి చివరి 21 ఆకులు ఒకదానికొకటి అంటుకుపోయాయి. 14 పేజీలు ఖాళీ. ఇవి తీసేస్తే చదవాల్సినవి 136. పేజీకి సుమారు 22 వరసలు.

రాత మొత్తం గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించుకుంటూ పోయే రాత. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. తలకట్టు పక్క అక్షరంలోకి జారిపోతుంది. మరాఠీవాళ్ల మోడీలాగా ఇది వేరే లిపి కాదు, మన అక్షరాలే. పరుగెత్తుతుంటాయి కాబట్టి మనం గుర్తుపట్టలేం, అంతే.

## దశ 1: ఫొటోలు (జూన్)

మొదటి తప్పు అద్దం. పేజీ ముడతలు పోవాలని 4 మిల్లీమీటర్ల అద్దం కోయించి పైన పెట్టాను. ఆ కాలపు సిరా కరక్కాయ, అన్నభేది కలిపి చేసుకున్నది. అన్నభేదిలో ఇనుము ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సిరా గీత వెంబడే కాగితాన్ని తినేస్తుంది. అద్దం పెట్టి తీసేసరికి 7వ పేజీలో నాలుగు అక్షరాలు పొట్టులా రాలిపోయాయి. అవి ఏమిటో ఇక ఎప్పటికీ తెలియదు. అద్దం ఇప్పుడు వంటింట్లో పిండి ఒత్తుకోవడానికి వాడుతున్నాం.

రెండో తప్పు, అంటుకున్న ఆకులు విడదీయబోవడం. ఒక్క ఆకు మీద ఇస్త్రీపెట్టె ఆవిరి పట్టి చూశాను. ఆకు ఊడింది, సిరా ఎదుటి ఆకు మీదికి అద్దం బొమ్మలా దిగింది. మిగతా 20 ఆకుల జోలికి పోలేదు. మీరూ పోకండి.

మూడోది సిల్లీ తప్పు. ఫోన్ పెట్టిన పేర్లతోనే ఫొటోలు ఉంచేశాను. మసకగా వచ్చినవి తీసేశాక వరస తప్పింది. 34 ఫొటోలు ఏ పేజీవో తేల్చడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

చివరికి కుదిరిన పద్ధతి:

1. ఉదయం 8 నుంచి 9.30 లోపు, తూర్పు కిటికీ పక్కన. ఫ్లాష్ వద్దు, ట్యూబ్‌లైటు వద్దు. వెలుతురు పక్క నుంచి పడితే నిబ్బు నొక్కిన గాడి కూడా కనిపిస్తుంది. ఈ గాడి సంగతి తర్వాత చాలా పనికొచ్చింది.
2. రెండు స్టూళ్ల మీద చెక్క వేసి, చెక్కకు కన్నం పెట్టి, ఫోన్ దానిమీద బోర్లించాలి. కాగితానికీ ఫోన్‌కీ మధ్య 42 సెంటీమీటర్లు.
3. అద్దానికి బదులు రెండు గుడ్డ సంచుల్లో ఇసుక పోసి పేజీ అంచుల మీద పెట్టాలి. రాత మీద ఏదీ తగలకూడదు.
4. ఫొటో తీయగానే ఆకు సంఖ్య, ముందువైపా వెనకవైపా అన్నది పేరుగా పెట్టాలి.
5. పని అయ్యాక పుస్తకం మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో. చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు ఏడెనిమిది అందులో వేశాను. కోనసీమ వానాకాలంలో అప్పడాలకు తీసుకునే జాగ్రత్తే దీనికీ.

ఇప్పటిదాకా: గంటలు 19. ఖర్చు 750 రూపాయలు (అద్దం 180, చెక్క, మేకులు 220, డబ్బా 350). చదివిన పేజీలు 0.

## దశ 2: మిషన్‌తో చదివించడం (జులై మొదటి వారం)

దీనిమీద ఎక్కువ రాయను. ఫొటోలోని అక్షరాలు చదివే ప్రోగ్రాములు ఫోన్‌లో గూగుల్ లెన్స్, కంప్యూటర్లో టెసరాక్ట్, రెండూ చూశాను. 11వ పేజీలో 212 మాటలున్నాయని ఇప్పుడు తెలుసు. వాటిలో సరిగ్గా వచ్చినవి 9. ఆ తొమ్మిదిలో ఆరు ‘జమ’. అచ్చు అక్షరాలు చూసి నేర్చుకున్న వాటిని అని ఏం లాభం?

ఒక ఏఐని కూడా అడిగాను. దానితో ఇంకో ప్రమాదం. చదవలేనని అనలేదు. ఏదో గుడికి మాన్యం రాసిచ్చిన దానపత్రమంటూ చక్కటి తెలుగులో పేజీడు చదివి వినిపించింది. తీరా ఆ పేజీలో ఉన్నది కొబ్బరికాయల లెక్క. ఏమీ రానివాడికన్నా అన్నీ వచ్చినట్టు చెప్పేవాడితోనే ఇబ్బంది.

ఇప్పటిదాకా: గంటలు 27. ఖర్చు 830 (ప్రింట్లు 80). చదివిన పేజీలు 0.

## దశ 3: అక్షరాల పట్టిక (జులై)

నా బుర్ర టైపు బుర్ర. ఏ అక్షరమైనా పట్టికలో ఒక గడి అనుకుంటుంది. ఫొటోల నుంచి అక్షరాల ముక్కలు కత్తిరించి, ‘క’ కింద ‘క’లు, ‘త’ కింద ‘త’లు పేర్చాను. మొత్తం 340 ముక్కలు. పేజీ పక్కన పట్టిక పెట్టుకుని పోల్చుకుంటూ చదివేస్తే సరిపోతుందనుకున్నాను.

ఎక్కడ చెడిందంటే:

ఒక్క ‘ర’కే ఏడు ఆకారాలు వచ్చాయి. ముందున్న అక్షరం ఎక్కడ ముగిస్తే ఇది అక్కడ మొదలవుతుంది. ‘ప’, ‘వ’, ‘స’, ‘న’ నాలుగూ కలిసి ఒకే మెలిక. ‘మ’ ఏదో ‘వు’ ఏదో తేలదు. ‘ధ’ కింద గీత ఎగిరిపోయింది, కాబట్టి ధాన్యం ఎక్కడ చూసినా దాన్యమే. దీర్ఘాలు రాసినవాడి ఇష్టం. కత్తిరించిన ముక్క విడిగా చూస్తే ఏ అక్షరమూ కాదు, గొలుసులోంచి తీసిన ఒక కొక్కెం.

ఇంకో బోల్తా సిరాది. అది సీసాలో ముంచి రాసే కలం. ముంచగానే గీత నల్లగా, పోనుపోను పల్చగా వస్తుంది. నల్లబడిన చోటల్లా కొత్త మాట మొదలైందనుకున్నాను. ఐదు పేజీల్లో లెక్కపెడితే సగటున 11 అక్షరాలకు ఒకసారి ముంచారు. మాట అయిందా కాలేదా అన్నది కలానికి పట్టదు కదా. ‘కొబ్బరి’లో ‘కొబ్’ ఒక ముంపు, ‘బరి’ ఇంకో ముంపు.

ఈ పద్ధతిలో మూడు పేజీలు ‘చదివేశాను’. ఆ చదువు ఫలితాలు రెండు చెబుతాను.

ప్రతి పేజీ నెత్తిన ఎవరో ‘శ్రీమతి’ ఉంది. ముత్తాతగారు ఎవరో ఆడమనిషితో లెక్కలు నడిపారని మా ఇంట్లో రెండు వారాలు ముసిముసి నవ్వులు. అది ‘శ్రీముఖ’. శ్రీముఖ నామ సంవత్సరం. తేదీ!

రెండోది నవ్వులాట కాదు. ‘దావా ఖర్చు’ అని ఐదుచోట్ల కనిపించింది. పొలం మీద ఏదో కోర్టు తగాదా ఉందని మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు అసలే కంగారు మనిషి. పాత కాగితాలన్నీ తీసి, తెలిసిన ప్లీడరుకు చూపించి, 15 రోజులు నిద్ర లేకుండా టెన్షన్ పడ్డాడు. అది ‘దాళ్వా ఖర్చు’. రెండో పంటకు కూలి, విత్తనం. డెల్టాలో పుట్టి పెరిగి సార్వా, దాళ్వా అన్న మాట తట్టకపోవడం చూస్తే నేను ఆ కాగితంలో మాటలు వెతకడం లేదని, బొమ్మలు పోలుస్తున్నానని అర్థమైంది.

మూడు పేజీలూ కొట్టేశాను. పట్టిక ఫైలు ఇంకా ఉంది, ఎప్పుడైనా గర్వం తలకెక్కితే చూసుకోవడానికి.

ఇప్పటిదాకా: గంటలు 71. ఖర్చు 830. చదివిన పేజీలు 3 – 3 = 0.

## దశ 4: పెదనాన్నగారు (ఆగస్టు)

రాజోలు వైపు మా నాన్నగారి పెదనాన్న కొడుకు ఒకాయన ఉన్నారు, నాకు పెదనాన్నగారే. 86 ఏళ్లు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసేదాకా కరణంగా చేశారు. ఇది జూన్‌లోనే చేయాల్సిన పని. ‘కంప్యూటర్ ఉండగా ముసలాయన్ని ఇబ్బంది పెట్టడం దేనికి’ అనుకున్నాను. మీ ఊళ్లో గొలుసుకట్టు వచ్చిన పెద్దవాళ్లు ఉంటే అద్దం, చెక్క కొనకముందే వెళ్లి కలవండి.

బోడసకుర్రు వంతెన మీదుగా బస్సు, దిగాక ఆటో. ఆయనకు కళ్లు సరిగా కనపడవు. వాళ్లబ్బాయి ఫొటోను టీవీలో పెద్దది చేసి పెట్టాడు. పెదనాన్నగారు చేతికర్ర గురిపెట్టి చూశారు. రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత కుడిచేతి చూపుడువేలు పంచె మీద కదలడం మొదలైంది. వేలు ఒక మెలిక తిరిగాక అప్పుడు నోట మాట వచ్చింది: ‘మార్గశిర శుద్ధ పంచమి.’

నాలుగు వరసలు ఇలాగే. ముందు వేలు, తర్వాత నోరు.

‘మీరు చదువుతున్నారా, రాస్తున్నారా పెదనాన్నగారూ?’ అన్నాను.

‘రెండూ ఒకటే కదమ్మాయ్. కళ్లు చిట్లించి చూస్తే ఏం తెలుస్తుంది? ఆ చెయ్యి ఎటెళ్లిందో నీ చెయ్యి అటు పోనీ. అక్షరం దానంతటదే దొరుకుద్ది.’

71 గంటలు పోగొట్టుకున్నా నాకు దొరకని కిటుకు ఇదే. ఈ రాత కంటికి ఆకారం కాదు, చేతికి దారి. పక్క వెలుతురులో పడిన గాడి ఇక్కడ పనికొచ్చింది. నిబ్బు కిందికి దిగేటప్పుడు లోతు ఎక్కువ, పైకి పోయేటప్పుడు తక్కువ. గాడి చూస్తే చెయ్యి ఏ వైపుకు తిరిగిందో తెలుస్తుంది.

ఎందుకలా రాసేవారని అడిగితే ఆయన చెప్పినవి: రైతు ఎదురుగా నిలబడి చెబుతుంటే రాయాలి, ఆగమనడం కుదరదు. కలం ఎత్తితే బొట్టు రాలుతుంది. ఎత్తి మళ్లీ పెడితే సిరా ఆరి గీత రాదు. నేర్చుకోవడానికి పుస్తకం అంటూ ఏదీ లేదు. ‘నాన్నగారి వెనకాల కూర్చుని చూడ్డమే.’ పదవి పోయాక రికార్డులన్నీ అప్పగించేశారు. ఉత్తరాలు మాత్రం చాలాకాలం గొలుసుకట్టులోనే రాసేవారు. ఇంటికి ఫోన్ వచ్చాక అవీ ఆగాయి.

నాలుగు ఆదివారాలు వెళ్లాను. ఆయన చెబుతుంటే ఒక పేజీ పూర్తిగా రాసుకున్నాను. ఆ పేజీయే నా పెద్దబాలశిక్ష. తర్వాత ఏ అనుమానం వచ్చినా దానితోనే పోల్చుకున్నాను.

ఇప్పటిదాకా: గంటలు 87. ఖర్చు 1,270 (నాలుగు ప్రయాణాలు 440). చదివిన పేజీలు 1.

## దశ 5: చెయ్యి బాగుచేసుకోవడం (ఆగస్టు చివర నుంచి అక్టోబర్)

చేత్తో చదవాలి, సరే. చెయ్యి ఏది?

కొలిచి చూసుకున్నాను. మామూలు తెలుగులో, విడివిడి అక్షరాలతో ఒక పేజీ రాయడానికి 31 నిమిషాలు పట్టింది. 12వ వరసకు బొటనవేలు లాగేసింది. ‘ఝ’ రాయబోయి ఆగిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తురాలేదు. అంతకు ముందు ఏడాది ఒక బ్యాంకులో నా సంతకం కలవడం లేదని మూడుసార్లు పెట్టించి, ఆఖరికి ఆధార్ తెమ్మన్నారు. అప్పుడు వాళ్లమీద కోపమొచ్చింది. ఇప్పుడు ఈ పేజీ చూశాక తప్పు వాళ్లది కాదనిపించింది.

టైపు చేసేవాళ్లకు ఒక విషయం తెలుసు. అను అనే తెలుగు టైపు సాఫ్ట్‌వేర్‌లో, యాపిల్ అనే మీటల అమరికతో కొట్టిన రోజుల్లో కనీసం అక్షరం ముక్కలు మన వేళ్లకు తెలిసేవి. అక్షరం ఒళ్లు ఒకచోట, తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట. యూనికోడ్‌కు వచ్చాక అదీ పోయింది. మనం చెప్పేది శబ్దం, ఆకారం తయారుచేసేది మిషన్. ‘క్ష’ అంటే నా వేళ్లకు మూడు మీటలు. అది కింద నుంచి పైకి తిరుగుతుందా పై నుంచి కిందికి దిగుతుందా అన్నది వేళ్లకు తెలియాల్సిన పనే లేదు. 24 ఏళ్లలో లక్షల ‘క్ష’లు కొట్టి ఉంటాను, ఒక్కటీ రాయలేదు.

సాధన క్రమం, మూడుసార్లు మార్చాక మిగిలింది:

1. పళ్లెంలో పొడి ఇసుక. చూపుడువేలితో పెద్ద అక్షరాలు, ఒక్కోటి అరచేతంత. ఓనమాలు ఇసుకలో ఎందుకు దిద్దించేవారో తెలిసింది. ఇసుకలో మణికట్టు కాదు, మోచెయ్యి కదులుతుంది. రోజుకు 15 నిమిషాలు, వారం.
2. ఫొటోను మూడింతలు పెద్దది చేసి ప్రింటు. దానిమీద పల్చటి కాగితం వేసి గాడి వెంబడి దిద్దడం. ఒకే వరస, పదిసార్లు. అర్థం కోసం వెతక్కూడదు.
3. పదకొండోసారి కాగితం చూడకుండా రాయడం. ఇక్కడే చాలా మాటలు వాటంతటవే తెలిసిపోతాయి.
4. తెలిసినా తెలియకపోయినా వెంటనే టైపు చేయకూడదు. ముందు చేత్తో విడి అక్షరాల్లో రాసుకోవాలి. నేరుగా టైపు చేసిన రోజుల్లో తప్పులు ఎక్కువొచ్చాయి. చెయ్యి కీబోర్డు మీదికి పోగానే మళ్లీ బొమ్మలు పోల్చడం మొదలవుతోంది.

పరికరాల సంగతి. బాల్‌పెన్ పనికిరాదు. నొక్కి రాయాలి, నిలబెట్టి పట్టాలి, దానితో గొలుసు సాగదు. నాలుగో వారం బద్ధకించి బాల్‌పెన్‌తో సాధన చేశాను, కింద లెక్కలో కనిపిస్తుంది. ముంచి రాసే కలం అసలుకు దగ్గరే కానీ నా చేతికి బొట్లు ఆగలేదు. టేబుల్ గుడ్డ పోయింది. చివరికి రాజమండ్రి వెళ్లినప్పుడు ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఇంకు పెన్ను కొన్నాను. స్వదేశీ రోజుల్లో రత్నంగారు తయారుచేసి పంపిన పెన్నుకు 1935లో గాంధీ మెచ్చుకుంటూ జవాబు రాసింది ఆ ఊరికే. ఈ పెన్ను ఒళ్లు లావుగా ఉంటుంది కాబట్టి వేళ్లు బిగపట్టనక్కర్లేదు. బొటనవేలి నొప్పి పదిరోజుల్లో తగ్గింది. కాగితం విషయంలో జెరాక్సు కాగితం వానాకాలంలో ఇంకు పీల్చి పాకిస్తుంది, మెలికలు పూడిపోతాయి. లెడ్జర్ కాగితం నయం.

ప్రతి ఆదివారం పరీక్ష పెట్టుకున్నాను. కొత్త పేజీలో 100 మాటలు ఫోన్లో నేను చదవడం, అక్కడ పెదనాన్నగారు టీవీలో చూసి దిద్దడం.

వారం 1: గంటకు 2 వరసలు, తప్పులు 58
వారం 3: గంటకు 3 వరసలు, తప్పులు 44
వారం 4: గంటకు 3 వరసలు, తప్పులు 52 (బాల్‌పెన్ వారం)
వారం 6: గంటకు 6 వరసలు, తప్పులు 27
వారం 8: గంటకు 9 వరసలు, తప్పులు 15
వారం 9: గంటకు 11 వరసలు, తప్పులు 11

మధ్యలో ఒక వింత. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి సరదాకి పక్కన కూర్చుని దిద్దింది. రెండు వారాల్లో నన్ను దాటేసింది. అది ఫోన్లో తెలుగు మెసేజ్ కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతుంది, తెలుగులో దాని మార్కులు చెప్పుకోదగ్గవి కావు. కారణం వెతికితే దొరికింది: స్కూల్లో ఇంకా నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు కర్సివ్ రాయిస్తారు. మాట పూర్తయ్యేదాకా పెన్ను ఎత్తకూడదన్నది దాని చేతికి ముందే తెలుసు. నా చేతికి తెలియనిది అదొక్కటే. పిల్లలకు ఆ కాపీ రైటింగ్ దండగని స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను.

అమెరికాలో ఆ వాదన ఎప్పుడో గెలిచింది. 2010లో వచ్చిన కామన్ కోర్ అనే బడి చదువుల ప్రమాణాల్లో కర్సివ్ ఊసే లేదు, చాలా రాష్ట్రాల్లో నేర్పడం మానేశారు. ఇప్పుడు ప్రభుత్వ పాత కాగితాలు దాచే అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ స్వాతంత్ర్య యుద్ధ సైనికుల పింఛను కాగితాలు చదివి పెట్టడానికి కర్సివ్ వచ్చిన వాలంటీర్లు కావాలని అడుగుతోంది. కాలిఫోర్నియా 2024 నుంచి ఒకటి నుంచి ఆరో తరగతి దాకా కర్సివ్ మళ్లీ నేర్పాలని చట్టం తెచ్చింది. ఈ వార్త పంపింది మా తమ్ముడే. కింద ‘దావా వేయలేదు కదా’ అని రాశాడు.

ఇప్పటిదాకా: గంటలు 150. ఖర్చు 2,380 (కలం, పాళీలు 150, పెన్ను 650, ఇంకు 70, కాగితం 240). చదివిన పేజీలు 10.

## దశ 6: రెండు రూపాయలు ఎక్కడ పోయాయి (నవంబర్ నుంచి జనవరి)

మాటలు దారికొచ్చాక అంకెలు అడ్డం తిరిగాయి. తెలుగు అంకెలే: ౧, ౨, ౩. అవి తెలుసు. 14వ పేజీలో కొబ్బరికాయల ఖాతా కింద నాలుగు పద్దులు, అడుగున మొత్తం. పద్దులు 12, 4, 8, 2. కూడితే 26. మొత్తం దగ్గర స్పష్టంగా ౨౮. ముత్తాతగారికి కూడికలు రావనుకోవడానికి ముందు ఒక వారం వెతికాను. ప్రతి అంకె పక్కన కొన్ని నిలువు గీతలు, కొన్ని అడ్డగీతలు ఉన్నాయి. వాటిని వాక్యం చివర పెట్టే గీతలు, కొట్టివేతలు అనుకుని ఫొటోలో శుభ్రం కూడా చేశాను. (ఫొటోను ఎప్పుడూ ‘శుభ్రం’ చేయకండి.)

పెదనాన్నగారికి ఫోన్ చేస్తే నవ్వారు. ‘అణాలమ్మా అవి.’

రూపాయికి 16 అణాలు. నిలువు గీత ఒకటి పావలా, రెండు అర్ధ రూపాయి, మూడు ముప్పావలా. అడ్డగీత ఒకటి అణా, అంటే రూపాయిలో వీసం. రెండు గీతలు రెండణాలు, మూడు గీతలు మూడణాలు. నాలుగైతే మళ్లీ నిలువు గీతే. పదుల లెక్క కాదు, నాలుగుల లెక్క. ఇప్పుడు అదే పేజీ:

౧౨౹౾ : 12 రూపాయల 7 అణాలు
౪౺౽ : 4 రూపాయల 10 అణాలు
౮౹౽ : 8 రూపాయల 6 అణాలు
౨౻౽ : 2 రూపాయల 14 అణాలు

రూపాయలు 26. అణాలు 37, అంటే 2 రూపాయల 5 అణాలు. వెరసి 28 రూపాయల 5 అణాలు. అడుగున ఉన్నది ౨౮౹౼. అణా తేడా లేదు.

ఈ గీతలకు యూనికోడ్‌లో 2008 నుంచి చోటుంది, ధాన్యం కొలత తూముకు కూడా ఒక గుర్తు (౿) ఉంది. 24 ఏళ్ల టైపులో ఒక్కసారి కొట్టలేదు. కొన్ని ఫోన్లలో ఇవి గడులుగా కనిపిస్తాయి. మీకు అలా కనపడితే నిలువు, అడ్డం అన్న వివరణే పట్టుకోండి.

దీంతో పని తీరు మారింది. అంతకుముందు నా చదువు తప్పో ఒప్పో చెప్పాలంటే పెదనాన్నగారు కావాలి. ఇప్పుడు పేజీ అడుగున మొత్తమే చెబుతుంది. కలిస్తే అంకెలు సరిగ్గా చదివినట్టు, కలవకపోతే ఎక్కడో తప్పినట్టు. జమ, ఖర్చు, నిల్వ మూడూ కలిస్తే ఇంకా ధైర్యం. ధాన్యానికి కూడా ఇదే: నాలుగు కుంచాలు ఒక తూము, 20 తూములు ఒక పుట్టి. ముందు అంకెలు చదివి, మొత్తం కలిపి, తర్వాతే మాటల్లోకి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ‘కాయలు’ అని తెలియకపోయినా 250 అని ఉండి, పక్కన అంబాజీపేట అని ఉంటే ఇంకేముంటాయి?

అప్పుడే సంవత్సరం కూడా తేల్చుకున్నాను. శ్రీముఖ 60 ఏళ్లకోసారి వస్తుంది: 1873–74, 1933–34, 1993–94. మూడోది కుదరదు, అణాలు 1957లోనే పోయాయి. మొదటిదైతే ముత్తాతగారు పుట్టి ఉండరు. కాబట్టి 1933–34.

తరచుగా వచ్చే మాటలు 40 దాకా ఒక అట్టమీద రాసి గోడకు తగిలించాను: జమ, ఖర్చు, నిల్వ, బాకీ, సదరు, తాలూకు, వగైరా, కౌలు, మాసూలు, నీరుతీరువా, సార్వా, దాళ్వా. కొత్త పేజీలో ముందు వీటిని పెన్సిల్‌తో చుట్టేస్తే సగం వరస తెరుచుకుంటుంది. పెన్సిల్ ప్రింటు మీద, పుస్తకం మీద కాదు.

ఈ దశలో దొర్లిన తప్పులు రెండు. 29వ పేజీలో మొత్తం కలవలేదని మూడు రోజులు వెతికి, ఆఖరికి అది పైపేజీ నిల్వను కూడా కలుపుకున్న మొత్తమని తెలుసుకున్నాను. 33వ పేజీలో మొత్తం కలిసింది కానీ చదువు తప్పు: రెండు పద్దుల్ని ఒకదాని చోట ఒకటి చదివాను, కూడికకు తేడా రాలేదు. పెదనాన్నగారు పట్టుకున్నారు. మొత్తం కలిసిందని మరీ నమ్మకం పెట్టుకోకూడదు.

ఇప్పటిదాకా: గంటలు 222. ఖర్చు 2,930 (ఇంకో ఐదు ప్రయాణాలు 550). చదివిన పేజీలు 47. మొత్తాలు కలిసినవి 44.

## దశ 7: ఇప్పుడున్న స్థితి

శ్రీముఖ సంవత్సరం 58 పేజీలు, 11 మిగిలాయి. మొత్తం మీద 89. ఇప్పటి వేగంతో పేజీకి రెండు గంటలు, అంటే ఇంకో 180 గంటలు. సెంటర్లో పెళ్లిళ్ల సీజన్ మొదలైతే శుభలేఖల పనితో సగానికి పడిపోతుంది.

పెదనాన్నగారికి రెండో కన్ను ఆపరేషన్ అయింది. నెల రోజులు టీవీ వద్దన్నారు. నేను వరస చదివి, చెయ్యి ఎటు తిరిగిందో నోటితో చెబితే ఆయన కళ్లు మూసుకుని మంచం పట్టె మీద వేలితో రాసి మాట చెబుతున్నారు. ‘కింద నుంచి ఎడమకు మెలిక, పైకి, మళ్లీ చిన్న మెలిక, కిందికి పొడుగు.’ గంటకు నాలుగు వరసలే వస్తున్నాయి. తప్పులు మాత్రం టీవీ ఉన్నప్పటికంటే తక్కువ. దీన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలో తెలియక వేరే పేజీలో రాసి ఉంచాను.

47వ పేజీలో ఒక మాట ఐదుసార్లు వస్తుంది, ప్రతిసారీ ఖర్చు వైపే, ప్రతిసారీ 2 అణాలు. దిద్దాను, ఇసుకలో రాశాను, మా అమ్మాయి చేత రాయించాను, పెదనాన్నగారికి మూడు రకాలుగా చెప్పాను. చెయ్యి హాయిగా తిరిగిపోతోంది, మాట మాత్రం రావడం లేదు. ప్రింటు మీద ఎర్ర పెన్సిల్ చుట్టి, ఆ ఐదు ఫొటోలు విడిగా ఒక ఫోల్డర్లో పెట్టాను. రేపు 48వ పేజీ.